ముందు సైటు దూరం

రాంగోపాల్‌పేట్‌లో మా నాన్న పెట్టిన కళ్లజోళ్ల దుకాణాన్ని ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. పొద్దున సైనిక్‌పురిలో బస్సెక్కి పోవడం, సాయంత్రం అదే బస్సులో నిలబడి రావడం. ఆ గల్లాపెట్టె వెనక ఇన్నేళ్లు కూర్చుని నేను తెలుసుకున్న సత్యం ఒకటుంది. కన్ను చెడితే మనిషి ముందు అద్దాన్ని తిడతాడు. "మీరిచ్చిన అద్దం ఖరాబయిందమ్మా" అంటాడు. అద్దం ఖరాబవడానికి అదేమన్నా వంకాయా? కన్ను మారింది నాయనా, ఒకసారి కూర్చో, చూస్తాను అంటే, నన్ను కూడా రెండు తిట్టి పక్క దుకాణానికి పోతాడు. అక్కడా అదే మాట చెప్తారు. అప్పుడు తిరిగొస్తాడు.

మా ఆయన తండ్రి, మా మామయ్య కూడా ఇదే పని చేశారు. కాకపోతే ఆయన తిట్టింది కళ్లజోడును కాదు, తుపాకీని.

మామయ్య సైన్యంలో సుబేదారుగా రిటైరై సైనిక్‌పురిలో ఇల్లు కట్టుకున్నారు. మా కాలనీలో సగం మంది అటువంటివాళ్లే. కాలనీ క్లబ్బు వెనక ఒక రేకుల షెడ్డు ఉంది. అందులో పిల్లలకు ఎయిర్ రైఫిల్ పట్టుకోవడం నేర్పుతారు. నేర్పేది మామయ్యే. గాలి ఒత్తిడితో పెసరగింజంత సీసపు గుండు పోయి అట్టముక్క మీద పడుతుంది, అంతే. దానికి ఆయన చేసే హడావుడి చూస్తే సరిహద్దు అక్కడే ఉందేమో అనిపిస్తుంది.

షెడ్డులో చేసేది చాలక ఇంట్లో కూడా. రోజూ పొద్దున హాలు ఈ చివర నిలబడి, గుండు లేని ఉత్త తుపాకీతో ఆ చివర గోడ మీద గురి చూస్తారు. దాన్ని ఆయన 'శిస్త్' అంటారు, ఫౌజు మాట. గోడ మీద ఉండేది అత్తయ్య డబ్బాలోంచి తీసుకున్న నల్ల బొట్టుబిళ్ల. వంటిల్లేమో హాలుకు ఒక పక్క, స్నానాలగది ఇంకో పక్క. మామయ్య శిస్త్‌లో ఉన్నంతసేపు ఆయనకూ బొట్టుబిళ్లకూ మధ్య ఎవరూ దాటకూడదు. కొత్త కోడలిగా ఈ ఇంటికి వచ్చినప్పుడు నాకు చెప్పిన మొదటి నియమం అదే. దేవుడి గది గురించి తర్వాత చెప్పారు. సబ్బు నురగ ముఖంతో మా ఆయన, పళ్లెం పట్టుకుని నేను, హాలుకు చెరోపక్కా నిలబడి ఎదురుచూసిన పొద్దులు ఎన్నో. లెక్కచేయకుండా దాటేది ఒక్క అత్తయ్యే. "నీ తుపాకీ ఆగుతది గానీ నా పాలు ఆగుతయా" అంటూ పోయేది. ఆమె దాటినప్పుడల్లా మామయ్య తుపాకీ దించి, గోడ వంక చూస్తూ, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేవారు.

ఆయన పిల్లలకు చెప్పే పాఠం నాకు కంఠతా వచ్చు. తుపాకీ మీద వెనక ఒక సైటు ఉంటుంది, నొక్కులాంటి చీలిక. గొట్టం కొసన ముందు సైటు, నిలువుగా చిన్న పుల్ల. ఆ దూరాన నల్ల చుక్క. మూడూ ఒక వరసలోకి రావాలి. కానీ కన్ను ఒకసారికి ఒక్క దూరాన్నే స్పష్టంగా చూడగలదు. మరి మూడింటిలో దేన్ని స్పష్టంగా చూడాలి? ఏ పిల్లాణ్ని అడిగినా నల్ల చుక్కనే అంటాడు. అప్పుడు మామయ్య మొహం వెలిగిపోతుంది.

"గాదు బిడ్డా. నిశాన్ యాడికి పోతది? గోడకు అతికిచ్చి ఉన్నది. కదిలేది నీ తుపాకి. ముందు సైటు మీద నజర్ పెట్టు. అది సాఫ్‌గ కనవడాలె. నిశాన్ మసకగ ఉంటె ఉండనీ."

కళ్లజోళ్లవాళ్ల అమ్మాయిగా నాకు ఆ మాటలో తప్పేమీ కనిపించేది కాదు. అదీగాక, దూరంగా ఉన్నది మసకగా కనిపిస్తే సంతోషించే మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు.

పోయిన ఏడాది వానలకు ముందు ఆయన గుండ్లు చెదరడం మొదలైంది. ఎప్పుడూ ఒకేచోట, ఒకదాన్ని ఒకటి ఒరుసుకుంటూ పడేవి కాస్తా, అట్టంతా చిలకరించినట్టు పడ్డాయి. పిల్లలు చూశారు. పిల్లలు మర్యాదస్తులు కాబట్టి ఏమీ అనలేదు. మామయ్య తుపాకీని అటూ ఇటూ తిప్పి, "సైటు లూజైంది" అని తీర్పు ఇచ్చారు. స్క్రూలు బిగించారు. మళ్లీ చెదిరాయి. ఆ సైటు ఎప్పుడో చేసింది కాబట్టి అరిగిపోయిందన్నారు. ఎప్పుడో చేసిన సైటు అన్నేళ్లూ బాగానే పనిచేసింది కదా అని నేను అడగలేదు. కోడలినని ఊరుకున్నాను. దుకాణంలో అయితే అడిగేదాన్ని.

ఆ చీలిక సైటు తీసేసి, పీప్ సైటు బిగించారు. అంటే వెనక చీలిక బదులు కంటికి దగ్గరగా ఒక బిళ్ల, దానికి సన్నని రంధ్రం. గొట్టం కొసన పుల్ల బదులు ఒక రింగు. రంధ్రంలోంచి చూస్తే రింగు, రింగులో నల్ల చుక్క. గుండ్రంలో గుండ్రం కూర్చోబెడితే చాలు, మిగతాది కన్నే సర్దుకుంటుంది. పోటీలకు పోయే పిల్లలందరూ దాన్నే వాడతారు. ఇన్నేళ్లూ దాన్ని 'దొంగచూపు' అని వెక్కిరించిన మనిషి, ఇప్పుడు నోరెత్తకుండా బిగించుకున్నారు. కొన్నాళ్లు బాగానే ఉంది. సన్నని రంధ్రంలోంచి చూస్తే మసక తగ్గుతుంది. కళ్లజోడు మరిచిపోయినవాళ్లు పిడికిలి ముడిచి ఆ సందులోంచి బస్సు నంబరు చదువుకోవడం మీరూ చూసే ఉంటారు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు.

వానలు తగ్గేసరికి రంధ్రం కూడా పనికిరాలేదు. "చీకటిగున్నది ఇందుల" అన్నారు. మా ఆయన తండ్రి బాధ చూడలేక ఒక టెలిస్కోపు సైటు పట్టుకొచ్చారు. చిన్న దుర్బీను అది. చుక్క, దాని మీద ప్లస్ గుర్తు, రెండూ ఒకే దూరంలో, పెద్దగా కనిపిస్తాయి. మూడు దూరాల గొడవే లేదు. మామయ్య దాన్ని బిగించుకుని చూశారు. పెద్దగా చూపించే అద్దం చేతి వణుకును కూడా పెద్దగానే చూపిస్తుంది.

"ఏందిరా గిది, నిశాన్ డాన్స్ చేస్తున్నది. మీద ఆవిరి పట్టింది సుత."

ఆవిరి లేదు. అయినా బనియను అంచుతో తుడిచారు. మా దుకాణం మెత్తటి గుడ్డలు తెమ్మంటే తెచ్చిచ్చాను, వాటితో తుడిచారు. గుడ్డలు అరిగాయి, ఆవిరి పోలేదు.

ఈ సమయంలోనే రైతుబజారు సంగతి జరిగింది. అత్తయ్య, మామయ్య కూరగాయలకు పోయారు. అత్తయ్య ఆ రోజు మెరూన్ రంగు చీర కట్టుకుంది. ఆమె టమాటాల దగ్గర బేరమాడుతుంటే, మామయ్య ఇంకో మెరూన్ చీర చేతిలోంచి సంచీ తీసుకుని, "నడువ్, ఎండ అయితున్నది" అని గేటు దాకా పోయారు. ఆ చీర తాలూకు భర్త వెనకే వచ్చి, "సాబ్, సంచి మాది. మనిషి సుత మాదే" అన్నాడట. బజారంతా నవ్వింది. ఇంట్లో మా ఆయన కూడా నవ్వారు. అత్తయ్య నవ్వలేదు. కొత్తిమీర తుంచుతూ నాతో అంది.

"ఇన్నేండ్లు సంసారం జేసిన. నేనెవరో సుత తెల్వకపాయె."

కళ్లు కనిపించకేమో అత్తయ్యా అన్నాను. "ఆయినకు కండ్లు కనవడవా? దినాం తుపాకి వట్టుకోని నిలవడతడు గదా" అంది. కనిపించని మనిషి రోజూ గురి చూస్తాడని మాలో ఎవరికి తోస్తుంది?

చివరికి రెడ్ డాట్ వచ్చింది. అందులో పుల్ల లేదు, రంధ్రం లేదు. చిన్న అద్దంలో ఒక ఎర్రచుక్క వెలుగుతూ ఉంటుంది. ఆ చుక్క ఎక్కడుంటే గుండు అక్కడ. పసిపిల్లలకైనా వస్తుంది. మామయ్య చూసి, వెంటనే దించేశారు.

"డిఫెక్ట్ పీసు. ఇందుల రెండు చుక్కలున్నయ్."

కొన్నచోట మార్చి ఇచ్చారు. దాంట్లోనూ రెండు చుక్కలే. మూడోదానికి ఆయన తయారవుతుంటే నేను తుపాకీ అడిగి తీసుకుని, గోడ మీది బొట్టుబిళ్ల వైపు చూశాను. ఎర్రచుక్క ఒక్కటే ఉంది, దానిమ్మగింజలా.

"మామయ్యా, చుక్క ఒకటే ఉంది."

"మంచిగ చూడు బిడ్డా."

"నేను చూసి బతికే మనిషిని మామయ్యా. ఒకటే ఉంది."

ఆయన నా వంక చూశారు. అంటే మొహం నా వైపు తిప్పారు. ఏం కనిపించిందో నాకు తెలియదు. మర్నాడు నాతోపాటు బస్సులో దుకాణానికి వచ్చారు, ఏదో నాకు ఉపకారం చేస్తున్నట్టు. కుర్చీలో కూర్చోబెట్టి టార్చి వేసి చూస్తే, కుడి కంటి పాప మధ్యలో తెల్లటి మబ్బు, శుక్లం. ఎడమ కంట్లో కూడా మొదలైంది.

"మోతిబిందు మామయ్యా."

"నాకా?"

"మరి నాకా?"

గట్టిగానే అన్నాను. దుకాణంలో ఉన్నప్పుడు నా నోరు నా మాట వినదు. ఆయనకు కోపం రాలేదు, దాంతో నాకు భయం వేసింది. టీ తెప్పిస్తే ముట్టుకోలేదు. కాసేపటికి చాలా మెల్లగా అడిగారు.

"షెడ్డుల పిల్లలకు కన్ను ఎట్ల పెట్టాలెనో నేనే చెప్పాలె గదా. కన్నే లేనోడు ఏం చెప్తడు?"

అదీ సంగతి. ఒక ఏడాదిపాటు సైట్ల మీద సైట్లు మార్చింది అందుకు. ఆపరేషన్ అంటే భయం కాదు ఆయనకు. షెడ్డులో తన చోటు పోతుందని భయం. సైటు తప్పయితే మార్చొచ్చు, కన్ను తప్పయితే ఇంటికి పొమ్మంటారని. నాకు ఆయన మీద అంత జాలి అంతకు ముందెప్పుడూ వేయలేదు. "చిన్న ఆపరేషన్ మామయ్యా, మబ్బు తీసి లెన్సు పెడతారు, మళ్లీ మామూలే" అన్నాను. ఆ లెన్సు దగ్గరే ఇంకో గొడవ ఉందని నాకు గుర్తు రాలేదు.

కంటి ఆసుపత్రికి ముగ్గురం పోయాం. డాక్టరమ్మ చిన్నది, ఓపిక గలది. లోపల పెట్టే లెన్సు ఒక్క దూరానికే పనిచేస్తుందని, దూరం కావాలో దగ్గర కావాలో ముందే చెప్పాలని, అందరూ దూరమే అడుగుతారని, పేపరుకు మాత్రం కళ్లజోడు పెట్టుకుంటే సరిపోతుందని విడమరిచి చెప్పింది. "దూరమే పెడదాం కదా తాతగారూ?" అంది.

మామయ్య చొక్కా జేబులోంచి ఒక పురికొస తీశారు. ఒక కొస కంటి మూలకు పట్టుకుని, రెండో కొస చేయి చాచి ఇంకాస్త ముందుకు సాగదీశారు.

"గింత దూరం."

డాక్టరమ్మకు అర్థం కాలేదు. అది తుపాకీ ఆనించుకున్నప్పుడు కంటికీ ముందు సైటుకూ ఉండే దూరమని నేను చెప్పాల్సి వచ్చింది. ఆయన ఇంట్లో కూర్చుని కొలుచుకుని, కత్తిరించి తెచ్చుకున్నారు. ఆమె పురికొసను కాసేపు చూసి, కంప్యూటర్ ముందు పనిచేసేవాళ్లు కొందరు ఇలా మధ్యదూరం అడుగుతారని, పెట్టొచ్చని, కానీ దూరం మసకగా ఉంటుందని అంది.

"నిశాన్ మసకగనే ఉండాలె డాక్టరమ్మా" అన్నారు మామయ్య, పాఠం మొదలుపెడుతున్న గొంతుతో.

అత్తయ్య అడిగింది. "రోడ్డు మీద మనుషులు కనవడతరా?"

"కనిపిస్తారమ్మా, మొహాలు అంత స్పష్టంగా తెలియవు. కళ్లజోడు పెట్టుకుంటే తెలుస్తాయి."

అత్తయ్య తలూపి, పర్సు సర్దుకుని, బయటికి పోయి బెంచీ మీద కూర్చుంది. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఆమె నా పక్కన, మామయ్య ఆ పక్కన. ప్యారడైజ్ దగ్గర సిగ్నల్ పడ్డప్పుడు, ఎదురుగా నిలబడ్డ బస్సును చూస్తూ అంది.

"రోడ్డు మీద నన్ను చూసి ఎవరో అనుకోని పోతడు. పోనీ. ఆ పుల్ల మాత్రం మంచిగ కనవడాలె."

నాకు ఒళ్లు మండిపోయింది, మామయ్య మీద. ఆ రాత్రి భోజనాలయ్యాక నేరుగా అడిగేశాను. లెన్సు ఒకసారి పెడితే అంతే మామయ్యా, చొక్కాలా మార్చరు, బాగా ఆలోచించుకున్నారా అని.

"బిడ్డా, దూరం చూడనీకి మీ దుకాణంల అద్దాలు దొరుకుతయ్. ముందు సైటు చూడనీకి అద్దాలు పెట్టుకుంటె శిస్త్ కుదరదు. తల వంచంగనే అద్దం పక్కకు జరుగుతది. నీకు తెల్వదా?"

తెలుసు. కళ్లజోళ్ల మనిషిగా ఆయన చెప్పింది అక్షరాలా నిజం. జీవితంలో ఒక్కనాడూ కళ్లజోడు పెట్టుకోని మనిషి, ఆ తుపాకీ కోసం రోడ్డంతా కళ్లజోడుతో నడవడానికి ఒప్పుకున్నారు. నేనింక ఏం వాదించను? వంటింట్లో అత్తయ్య గిన్నెలు మాత్రం ఆ రాత్రి గట్టిగా చప్పుడు చేశాయి.

అప్పటి నుంచి ఆమె ఆయనతో మాటలు బంద్ చేసింది. "మీ మామకు చెప్పు, స్నానానికి నీళ్లు కాగినయ్." మామయ్య ఎదురుగానే ఉంటారు. నేను చెప్పాలి. "మీ అత్తకు చెప్పు, వస్తున్న అని." అదీ నేనే. పగలంతా దుకాణంలో మాట్లాడి వచ్చి, ఇంట్లో ఈ ఉద్యోగం.

కుడి కంటికి ఆపరేషన్ అయింది, పురికొస దూరానికే. కట్టు విప్పాక ఆసుపత్రిలో గోడ మీది అక్షరాలు చదవమన్నారు. పైన పెద్దవి చదివి, కింది వరసల దగ్గర ఆగి, "అవ్వి నాకు అక్కర్లే" అన్నారు. నర్సు నా వంక చూసింది. రాసుకోమ్మా అన్నాను. కొన్ని వారాలు బరువులు ఎత్తొద్దని, వంగొద్దని, తుపాకీ జోలికి అసలే పోవద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఆ తర్వాత ఆయన షెడ్డుకు పోయారు. పాత చీలిక సైటే మళ్లీ బిగించుకున్నారు. గుండ్లు మునుపటంత కాకపోయినా దగ్గర దగ్గరగానే పడుతున్నాయి, పిల్లలు చుట్టూ చేరుతున్నారు. అదంతా బాగానే ఉంది. నేను చెప్పాలనుకున్నది మాత్రం కట్టు విప్పిన మర్నాటి సంగతి.

మాటలు బంద్ అయినా కంట్లో చుక్కల మందు వేసేది అత్తయ్యే. నన్ను వేయనివ్వలేదు. "నువ్వు గాబరగ వేస్తవ్" అంది. ఆ పూట వంటింటి కిటికీలోంచి వెలుతురు బాగా వస్తుందని, మామయ్య వంటింటి గుమ్మానికి ఎదురుగా కుర్చీ వేసుకున్నారు. అత్తయ్య గుమ్మంలో నిలబడి, వంగి, రెప్ప లాగి చుక్క వేసి, ఒక అడుగు, దాదాపు ఆ పురికొసంత, వెనక్కి వేసి సీసా మూత పెడుతోంది. లోపల పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. నేను హాల్లో నిలబడి, కన్ను కుదురుకునేదాకా ఆయనకని దుకాణంలోంచి తెచ్చిన దూరపు కళ్లజోడును తుడుస్తున్నాను.

మామయ్య కన్ను ఆర్పి ఆర్పి తెరిచారు. తెరిచి, అలాగే ఉండిపోయారు.

"ఏమే."

అత్తయ్య నా వైపు తిరిగింది. "ఏం గావాల్నో అడుగు."

"నీ కనుబొమ్మల గా గీత ఏంది?"

"ఏ గీత?" మాట్లాడకూడదన్న సంగతి మరిచిపోయింది.

"ఎడమ దిక్కు. గాడ వెంట్రుకలు లేవు."

అత్తయ్య వేలితో తడుముకుంది. "గిదా. ఎన్నటిదో. నీ కొడుకు నడుసుడు షురూ జేసినప్పుడు గడప మీద వడవోతుంటె ఉరికిన. వాడు వడలే, నేనే వడ్డ. కుట్లు సుత వేసిన్రు."

ఆ నడక నేర్చిన కొడుక్కి ఇప్పుడు బట్టతల.

"నాకు చెప్పలే."

"చెప్పిన. నువ్వు చుట్టీల వచ్చినప్పుడు చూపెట్టిన. మంచిగనే ఉన్నది అన్నవ్."

మామయ్య మొహంలో నేనెప్పుడూ చూడని భయం ఒకటి కనిపించింది. షెడ్డు పోతుందన్నప్పుడు కూడా అంత లేదు. అత్తయ్య సీసా మూత బిగించి లోపలికి తిరగబోయింది.

"కదలకు" అన్నారు.

"పప్పు ఉన్నది పొయ్యి మీద."

"ఉండనీ. జెర ఇటు వెలుగు దిక్కు తిరుగు. తిరిగినవా. గంతే. గాడ్నే ఉండు."

ఇన్నేళ్లూ ఆయన తుపాకీ ఎదురుగా లెక్కచేయకుండా దాటిపోయిన మనిషి, గుమ్మంలో ఆగిపోయింది. సీసా చేతిలోనే ఉంది. ఎటు చూడాలో తెలియక ముందు తలుపు గొళ్లెం వైపు చూసింది, తర్వాత ఆయన వైపే చూసింది. ఆయన మెల్లగా, తొందర లేకుండా, నుదుటి నుంచి మొదలుపెట్టి చూస్తున్నారు.

పప్పు మాడే వాసన నాకు బాగానే వచ్చింది. పోయి పొయ్యి ఆపాలంటే వాళ్లిద్దరి మధ్య నుంచి దాటాలి. మామయ్య శిస్త్‌లో ఉన్నప్పుడు మధ్యలో దాటకూడదని నాకు ఈ ఇంట్లో మొదటి రోజే చెప్పారు. కళ్లజోడు తుడుస్తూ నిలబడ్డాను. ఆ మధ్యాహ్నం అందరం మాడిన పప్పే తిన్నాం.